మూడో కడుగు

ఎనుమాముల యార్డుల జెండా పాట అయిపోయింది.
క్వింటాలుకు ఎంత పలికిందో నాకు ఎర్కలే,
నాది కిలోల లెక్క,
తొడిమ తీసిన కాయల లెక్క.

పొద్దటి సంది తేజ రకం.
చపాట అయితే రంగే గని ఇంత కొరకదు.
ఇయ్యాల నా వంతుకు చపాట రాలే.

గేటు కాడ మా అత్త
పిలగాన్ని భుజాన ఏసుకోని నిలవడ్డది.
ఏడుపు బస్తాల మీదికెళ్లి ఇక్కడిదాంక వస్తాంది.
నా కంటె ముందు నా రైకకు వినవడ్డది, తడిసింది.
నేను మాత్రం రెండు చేతులు ఎడంగ చాపుకోని
చేన్ల దిష్టిబొమ్మ లెక్క నిలవడ్డ.

నీళ్లతోని కడిగితె మంట వేళ్ల సందులకు పాకింది.
సబ్బు పెడితె గోరుమూలలు పగిలినయి.
నీళ్లు వస్తయి, పోతయి.
కారం తోలు లోపల కూసున్నది, లేవనంటది.

"నీళ్లతోని దానికి మాటల్లేవే," అన్నది కొమురక్క.
ఇరవై ఏండ్ల సంది తొడిమెలు తీసిన మనిషి,
రేషను దుకాణం మిషన్ల వేలిముద్ర పడని మనిషి.
"నూనెతోనే మాట్లాడుతది. ముందుగాల నూనె రాయి."

మూతెడు పల్లినూనె మోచేతి దాంక రాసింది.
నూనె ఎర్రగ దిగింది.
ఇగ ఆ నూనెను ఎవరు వొదిలిస్తరు?

సద్దిగిన్నెల పొద్దుగాల నానవెట్టిన కుంకుళ్లు.
నల్లగింజలు తీసి కొంగుకు కట్టుకున్నది,
మనుమడు గోటీలాడుతడట.
పిసికితె నురగ వొచ్చింది.
టీవీల సూపెట్టే మబ్బసుంటి నురగ కాదు,
గట్క ఉడికేటప్పుడు కుండ అంచుకు లేసే అసుంటిది.
ఒక చెయ్యి నూనెకిచ్చి, ఒక చెయ్యి నీళ్లకిచ్చి
పలకరింపుల్లేని అన్నదమ్ములను
ఒక్క బండి ఎక్కించే మేనత్త లెక్క
రెండింటిని తోల్కపోయింది.

నా చూపుడువేలు పట్టుకోని
తన నాలిక మీద పెట్టుకున్నది కొమురక్క.
గుంజుకోబోయిన.
"ఆగు." మొఖం ముడిసింది. "ఉన్నది. ఇంకోపాలి."

మళ్ల నూనె, మళ్ల కుంకుడు, మళ్ల నాలిక.
"ఇంత ఉన్నది. గోరు కింద."
గేటు కాడ ఏడుపు ఆగింది. అలిసిండు.
ఆ ఆగుడే నన్ను ఎక్కువ కోసింది.

మూడోపాలి పది వేళ్లూ చూసింది, ఏదీ ఇడువలే.
నాలిక అంచు కాయ లెక్కనే ఎర్రగైంది.
ఉమ్మి, నీళ్లు పుక్కిలించి, బొటనవేలు మళ్లొక్కసారి చూసి
"చేదున్నది," అన్నది.
"చేదే ఉన్నది. పో."

ఉరికిన.
కండ్లు తెరవక ముందే వాడు నోరు తెరిచిండు.
నా వేలు వాని పెదిమెకు తగిలి
మొఖం ముడుసుకున్నడు ఒక్క గడియ,
అచ్చం కొమురక్క తీరు.
ఇగ తాగిండు.

లోపల తూకం కాడ
ఎవరో నా పేరు పిలుస్తున్నరు.
పిలువనియ్యి.