ఎన్నూరు దాకా

దాన్ని ఎవరు వదిలేశారో తెలీదు.
మార్చి నెల, మిట్టమధ్యాహ్నం,
కాసిమేడు ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో
కరుగునీరు పారే కాలవకి పొట్ట ఆనించి పడుకునుంది.
ఒంటి నిండా ఉన్ని. మెడలో తోలుపట్టా,
పట్టా మీద సగం చెరిగిన ఇంగ్లీషు పేరు.
ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమ.
"ఒకటి దొరది, ఇంకోటి మనది" అన్నాడు మైలపల్లి ఎర్రన్న.
అలా దొర అయింది.

ఎర్రన్నకి కుక్కలంటే పడదు.
"మూడు పూటలా మేస్తాది, మూటొకటి మొయ్యదు" అని గొణుగుతాడు.
గొణుగుతూనే కవళ్ళ తలలు విసురుతాడు.

క్యాషియరు కొడుకు ఇనియన్ ఒక రాత్రి
ఫోను మావైపు తిప్పాడు:
ఎక్కడో ఉత్తరాన, సూర్యుడు మొహం చాటేసే ఊళ్ళో
దొర చుట్టాలు పద్నాలుగు, ఒకే తాడుకి.
వెనక చెక్కబండి, దానిమీద
గడ్డం గడ్డకట్టిన మనిషి.
తొమ్మిది రోజుల పందెమంట.
కుక్కల కాళ్ళకి మేజోళ్ళు!
నేను వట్టికాళ్ళతో ఉప్పునీటి ట్యాంకు మీద నిలబడి చూస్తున్నా.
ఊరు ఊరంతా నిద్ర మానుకుని
గంజి లాంటిదేదో కాచి ఎదురుచూస్తుందంట.
అందరికన్నా వెనకొచ్చేవాడి కోసం
ఒక లాంతరు వెలిగించి పెడతారంట,
వాడొచ్చేదాకా ఆర్పరంట.
"కిరసనాయిలు దండగ" అన్నాడు ఎర్రన్న.

పాత లారీ బేరింగులు నాలుగు,
విరిగిన పడవ పలక ఒకటి, నైలాను తాడు.
తాడు మెడకి కాదు, రొమ్ముకి కట్టాను,
అలివివల లాగేటప్పుడు మా నాయన
నడుముకి కట్టుకున్నట్టు.

ఏప్రిల్ పద్నాలుగు. రేపట్నించి వేట నిషేధం,
అరవై ఒక్క రోజులు.
తెల్లారుజాము మూడింటికి ఆఖరి పడవ ఒడ్డుకొచ్చి
సగం దిమ్మ అడిగింది.
దిమ్మ మీద గోనె కప్పి, బండి వెనక నిలబడి
"పద" అన్నాను.
అంతే.

జెట్టీ దగ్గర కుడికి తిరగాలి.
దొర తిరగలేదు.
బేరింగులు రోడ్డుని గరగరా కోస్తూ, నేరుగా ఉత్తరానికి,
నిద్రపోతున్న కంటైనరు లారీల పక్కనించి,
తండయారుపేట, తిరువొత్తియూరు,
ఒక్కో సందు చివర వీధికుక్కలు లేచి
మొరిగి, తమ సరిహద్దు దాకా తోడొచ్చి
అక్కడ ఆగిపోయి మమ్మల్ని చూస్తూ.
ఆపాలి. ఆపలేదు.
నా జన్మలో నేను లాగని బండి అదొక్కటే.

గోనె కిందనించి ఐసు కారుతోంది,
మా వెనక తారు మీద పొడుగ్గా తడిగీత.
దిమ్మ కాస్తా పీట అయింది,
పీట కొబ్బరికాయ అయింది.

ఎన్నూరు ఏటిమొగ దగ్గర తనే ఆగింది.
పొగగొట్టాల్లోంచి బూడిద
సన్నగా, తొందర లేకుండా రాలుతోంది.
దొర మొహం పైకెత్తింది. చెవులు నిక్కబొడిచింది.
నాలుక చాపి ఒక రేకు పట్టింది.
తుమ్మింది.
నా వైపు చూసింది, ముందు నీలం కన్నుతో,
తర్వాత మన కన్నుతో.
ఏం చెప్పను దానికి?
మిగిలిన ఐసుముక్క దోసిట్లో పట్టాను.
చేతుల్లో ఏమీ లేకపోయినా
చాలాసేపు నాకింది.

తిరుగుదారిలో నేను లాగాను, అది కూచుంది.
ఎండెక్కింది. టీకొట్టు దగ్గర ఎవరో
అరవంలో ఏదో అని నవ్వారు, నేనూ నవ్వాను.

మేం చేరేసరికి వేలం అయిపోయింది.
ఫ్యాక్టరీలో మోటార్లు ఆపేశారు,
ఇన్నేళ్ళలో ఆ గోడలు అంత ఊరుకోగా వినలేదు.
గుమ్మం మీద బల్బు మాత్రం
పట్టపగలు వెలుగుతోంది.
దానికింద ఎర్రన్న, మోకాళ్ళ మీద చేతులు.

"దిమ్మ డబ్బులు నీ కూలిలో కోత" అన్నాడు.
"కరెంటు కూడా" అన్నాడు.
లేచి స్విచ్చి నొక్కాడు.