ముల్లు

చూళైలో మా షాపు పేరు చెప్పుకునేంత పెద్దది కాదు.
తూనిక యంత్రాలు బాగుచేస్తాం.
షావుకారుపేట కంసాలులు
గాజుపెట్టెల్లో బంగారపు త్రాసులు తెస్తారు.
మాధవరం లారీల కాటాకి మనమే వెళ్ళాలి.

కాటా మీద నేనెక్కి నిలబడ్డా దానికి తెలీదు.
మా అన్న నాథముని అలాంటివాడు,
వరద నీళ్ళు మంచం కోళ్ళెక్కిన రాత్రి కూడా
గుర్రుపెట్టి నిద్రపోయాడు.
నేను గాజుపెట్టె రకం.
ఫ్యాను వేస్తే చాలు, ముల్లు వణుకుతుంది.

ఆ ఏడాది మరీను.
వీసమెత్తు మాట పడితే పళ్ళెం నేలకి తగిలేది.
"మోటారు ఆపలేదేం?" అంది ఇంటి ఓనరమ్మ, శుక్రవారం.
సోమవారం దాకా లేవలేదు.
ఆవిన్ పాల ప్యాకెట్ చేతిలోంచి జారి పగిలితే
తుడవకుండా దాని పక్కనే కూర్చున్నాను,
చీమలొచ్చేదాకా.
"గోరంతకి కొండంతా, తాయారూ?" అంది వదిన, ప్రేమగానే.
కొండ కాదు వదినా.
గోరంతేనని నాకూ తెలుసు.
తెలిసీ తూగలేకపోవడమే జబ్బు.

కీల్పాక్‌లో డాక్టర్ వెన్నిల
నిద్ర గురించి, ఆకలి గురించి అడిగాక
పని గురించి అడిగింది. చెప్పాను.
"అయితే మంచి త్రాసుకి ముల్లు కదలదా?"
ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది.
కదలని ముల్లు తుప్పుపట్టిన ముల్లు మేడమ్.
కదిలాక, ఎంతసేపటికి నడిమికొచ్చి నిలబడుతుందో
అది చూసి ముద్ర వేస్తారు.
ఆమె పెన్ను మూత పెట్టింది.
"ఆ ఎంతసేపో రాసి తీసుకురండి."

పడికట్టు రాళ్ళ లెక్కల పుస్తకంలో
చివరి పేజీలు అప్పట్నుంచి నావి.
చిత్తిరై నెల. కుక్కర్ విజిల్. ఒక పూటంతా.
వైకాశి. బస్సులో ఎవరో తోశారు. రెండు రోజులు.
ఆ తర్వాత మూడు వారాలు ఖాళీ,
రాసే చెయ్యి కూడా పళ్ళెంలోనే పడి ఉంది.
ఆడి. రాంగ్ నంబర్. గంటన్నర.
రాత్రిపూట సగం మాత్ర,
తేలిపోయే పళ్ళెం కింద
పిసరు సీసం అతికించి ధడా కట్టినట్టు.

నిన్న ట్యాంకు పొంగి మెట్లమీదకి నీళ్ళు.
ఓనరమ్మ మళ్ళీ అదే మోటారు, అదే గొంతు.
ముల్లు కదిలింది. గట్టిగానే.
ఫ్యాను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని
అది ఊగడం చూస్తూ కూర్చున్నాను.

టీ చల్లారేలోపు, అని రాశాను.
కొట్టేశాను.
చల్లారాక ఇంకాస్తసేపు, అని రాశాను.
తూకంలో అబద్ధం
మా షాపులో చెల్లదు.