బొమ్మ రాకపోతే

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, మేడ మెట్లెక్కితే
మా డీటీపీ గది.
కింద జిరాక్సు, పక్కన కళ్ళజోళ్ళ కొట్టు.
వానొస్తే కరెంటుండదు, నేనుంటాను.

మొన్న పొందూరు నుంచి తంగి కుమారి వచ్చింది.
వాళ్ళ నాన్న ఇరవయ్యేళ్ళ కిందట వేయించిన పుస్తకం
గోనెసంచిలోంచి తీసింది.
పదహారు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు, తుప్పు.
"దీన్నే వెబ్‌సైటుకి ఎక్కించెయ్యండి మాస్టారూ,
అంతా ఉన్నదే కదేటి" అంది.

ఉన్నదే.
సీడీ కూడా ఉంది నా బీరువాలో,
మీద స్కెచ్ పెన్నుతో నా చేతిరాత: పొందూరు ఫైనల్.
దాని కింద ఇంకోటి: పొందూరు ఫైనల్ ఫైనల్.
తెరిచాను.
అక్షరాలన్నీ పాత ఫాంటువి.
కొత్త తెర మీద పడగానే
డాలర్లూ కొక్కేలూ చుక్కలూ అయి కూర్చున్నాయి.
"సన్నని నూలు" అని నేను కొట్టిన చోట
ఎవరో ఇంగ్లీషులో తుమ్మినట్టుంది.

సరే, మొదటి నుంచీ మళ్ళీ కొడుతున్నాను.
అప్పుడు కొట్టాను గాని చదవలేదు.
పేజీకి పన్నెండు రూపాయలు, చదివితే గిట్టదు.
ఇప్పుడు తెలుస్తోంది,
వాలుగ చేప దవడతో దూదిని దువ్వుతారట.
ఆ ముక్క ఇరవయ్యేళ్ళ కిందట నా వేళ్ళలోంచే పోయింది,
నాకు చెప్పకుండా.

హేమసుందరని ఆమదాలవలస గుంటడు,
వెబ్‌సైటు కట్టేది వాడే, ఫోన్లో చెబుతాడు:
"రెండు కాలాలొద్దు, ఒకటే చాలు, బొటనవేలు కిందకే పోతాది.
పేజీ నెంబర్లు తీసెయ్యండి.
ఎదుటి పేజీ చూడుడు అంటే, ఎదురేటుంటాది మాస్టారూ?"
నిజమే.
వరస చివర మాట విరిచి నేను పెట్టుకున్న గీతలు
వరస మధ్యకొచ్చి ఎక్కిళ్ళు పెడుతున్నాయి.
నేత-గాళ్ళు. రా-ట్నం. పొం-దూరు.
బియ్యంలో వడ్లగింజల్లా ఒక్కొక్కటీ ఏరాను.
కాగితం మీద పెద్దమనిషిలా ఉన్న నీలం
ఇక్కడ పెళ్ళి పందిరి సీరియల్ లైటయింది.
కోత గుర్తులు నాలుగు మూలలా నిలబడి
కత్తి ఎక్కడని చూస్తున్నాయి.

పదకొండో పేజీ.
బల్ల సూరీడమ్మ, నూలు వడికే మనిషి, ఆమె మాటలు.
ఈ పేజీ నాకు గుర్తే.
ఆఖరి పూట సిమెంటు కొట్టువాడి ప్రకటనొచ్చింది,
పావు పేజీ, డబ్బు చేతిలో పెట్టి.
ఎక్కడో తగ్గాలి.
ఆమె మాటల్లోంచి నాలుగు లైన్లు ఎత్తేశాను.
ఎవర్నీ అడగలేదు. మౌసుతోనే కదా.

ఇప్పుడు సిమెంటు కొట్టు లేదు.
ఇప్పుడు పేజీకి అడుగే లేదు,
ఎన్ని లైన్లయినా పడతాయి, వేసవి నాగావళి ఇసకంత చోటు.
ఆ నాలుగూ ఎక్కడ?
సీడీలో లేవు. ప్రూఫు కట్టలు చెదలు తిన్నాయి.
"సూరీడమ్మ పోయి తొమ్మిదేళ్ళవుతోంది" అంది కుమారి,
సంచి మడతపెడుతూ.

చివరి పేజీలో గుడ్డముక్క.
నిజం గుడ్డే, రెండంగుళాలు.
ఐదొందల కాపీలకీ మైదా జిగురుతో
మా ఆవిడా నేనూ రాత్రంతా కూర్చుని అంటించాం.
స్కానర్లో పెట్టాను.
వెలుగు దాని మీదుగా పాకి వెళ్ళిపోయింది.
తెర మీద చూస్తే తెల్ల కాగితం.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ కాగితమే.
వేలితో తడిమాను, గాజు.

హేమసుందర్ ఒక ఖాళీ గడి పంపాడు:
"సిగ్నల్ లేక బొమ్మ రాకపోతే ఏటి కనిపించాలో రాయండి.
చూపు లేనోళ్ళకి ఫోను అదే చదివి వినిపిస్తాది.
పొట్టిగా. తెల్ల ఖద్దరు ముక్క, అంటే చాలు."

తెల్ల ఖద్దరు ముక్క, అని కొట్టాను.
చెరిపాను.
కింద జిరాక్సు ఆగింది. కరెంటు పోయింది.
యూపీఎస్ కూతల మధ్య, ఎందుకో,
నాలుగు లైన్లలో ఒకటి తిరిగొచ్చింది.
కొట్టిన వేళ్ళకి గుర్తుందో, ఎత్తేసిన వేలికో:

"నూలుని లాగకూడదు బాబూ, తెగిపోద్ది.
పిలవాల. పిలిస్తే వొస్తాది."

అదే రాశాను ఆ గడిలో.
బొమ్మ వచ్చినవాళ్ళకి అది కనిపించదు.
మిగతా మూడింటి కోసం
మీటల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాను,
లాగకుండా.