రెండు పచ్చలు

నవంబరులో మా ఊచ్ నగరానికి
మూడున్నరకే చీకటి పడుతుంది.
నాలుగింటికి ఆవిడ వచ్చింది.
గొడుగు దులిపి గుమ్మానికి ఆనించి,
"గడ్డికి దీపం కావాలి" అంది.

ఏ గడ్డి అన్నాను.
సంచిలోంచి జామ్ సీసా తీసింది.
లోపల ఒక వాలిస్నేరియా మొక్క,
రిబ్బన్ ఆకులు కొసల నుంచి గోధుమరంగు తిరిగి.
పై అంతస్తు కుర్రాడు ఇల్లు ఖాళీ చేస్తూ
వంద లీటర్ల తొట్టి, ఆరు చేపలు, ఒక మాడిపోయిన దీపం
ఆవిడ వాకిట్లో దించి పోయాడట.
చేపలకేం, తింటున్నాయి.
మొక్కలే అలిగాయి.

ఇరవై రెండేళ్ల దుకాణం నాది.
నోటికొచ్చిన పాఠం అప్పజెప్పాను:
ఆరువేల అయిదువందల కెల్విన్,
లీటరుకిన్ని ల్యూమెన్లు,
తొట్టి లోతెంత, అవి నీడ మొక్కలా ఎండ మొక్కలా,
గ్యాసు సిలిండరు పెడతారా లేదా.
బేరం తెలిసిన మనిషి
పెళ్లిళ్ల పేరయ్య మాటలు విన్నట్టు విన్నది.

తరవాత కోటు జేబులోంచి
రెండు గుడ్డపేలికలు తీసి బల్ల మీద పరిచింది.
రెండూ ఆకుపచ్చే. నా కంటికి ఒకటే పచ్చ.
"ముప్ఫై ఒక్క ఏళ్లు మిల్లులో అద్దకం పని చేశాను.
మీ దీపాలు ఒక్కొక్కటీ వెలిగించండి."

మొదటిదాని కింద
గుడ్డలు బూజు పట్టిన రొట్టెలయ్యాయి.
రెండోదాని కింద ఆస్పత్రి గోడలు.
మూడోది, మొక్కల కోసమేనని
పెట్టె మీద పెద్దక్షరాలతో చెప్పుకున్న ఊదారంగు దీపం,
దాని కింద రెండూ నల్లగా చచ్చిపోయాయి.

"కొత్త ట్యూబులైట్లు బిగించిన వారం
నాలుగువేల మీటర్లు లెనిన్‌గ్రాడ్ నుంచి వెనక్కి వచ్చాయి.
మిల్లు లోపల ఒకటే ఛాయ.
అక్కడెవరో ఎండలో విప్పి చూస్తే రెండు.
మా జీతాల్లో కోశారు.
దీపాన్ని ఎవరూ ఏమీ అనలేదు."

అప్పుడు నేను
కొనేవాళ్లకి మామూలుగా చెప్పనిది చెప్పాను:
మొక్కలు రంగు చూడవమ్మా, తింటాయి.
ఎరుపు తింటాయి, నీలం తింటాయి,
పచ్చని చాలామటుకు
పిల్లలు కంచం అంచుకి నెట్టే బఠాణీల్లా నెట్టేస్తాయి.
ఆ నెట్టేసిందే మన కంటికి చేరేది.

కాసేపు ఫిల్టర్ల గుడగుడ తప్ప చప్పుడు లేదు.
"అంటే ముప్ఫై ఒక్క ఏళ్లు
నేను ఆకుల ఎంగిలిని గుడ్డకి పట్టించానన్నమాట"
అని, పై పన్ను లేని చోటు కనిపించేట్టు నవ్వింది.

నాలుగోది అటక మీది పాత దీపం.
మూత మీద గీతలు, తగ్గించి పెంచే మర ఒకటి.
వెలిగిస్తే
ఎండ కాదు, మబ్బు రోజున కిటికీ.
ఆవిడ పేలికల మీదికి వంగింది. నేనూ వంగాను.
ఒకటి నాచు వైపుకి, ఒకటి సముద్రం వైపుకి
మెల్లగా విడిపోయాయి.
"ఇది చాలు. అబద్ధమాడదు."

ఏడు గంటలకి మించి వెలిగించొద్దన్నాను.
"షిఫ్టా?"
షిఫ్టే. ఎక్కువైతే నాచు పడుతుంది.
"మాకు ఎనిమిది గంటలుండేది.
మీ మొక్కల యూనియన్ గట్టిదే."
నూట నలభై జ్లోటీలు చిల్లరతో సహా లెక్కపెట్టి,
రశీదు మీద బోగుమీవా అని
అక్షరం అక్షరం చెప్పి రాయించుకుంది.

ఫిబ్రవరిలో మళ్లీ కనిపించింది.
చేతి తొడుగులు లేవు, బయట మంచు.
"ఓవర్‌టైమ్ చేయించాను. తప్పు నాదే.
రాత్రుళ్లు దాని పక్కన కూర్చుంటే
ఆర్పబుద్ధి కాలేదు."
తొట్టి అద్దం గీకిన వేళ్లు
నా దీపం కిందికి చాపింది.
గోళ్ల సందుల్లో నాచు.

"చూడండి" అంది,
"ఈ పచ్చ మా మిల్లులో
ఒక్కసారి కూడా రాలేదు."