పాత నంబరు, కొత్త నంబరు

నాచారంలో మా ఆఫీసు గోడకి రెండు నంబర్లు.
నీలం రేకు మీద పాతది,
పక్కన సున్నం మీద ఎర్ర పెయింటుతో కొత్తది,
మధ్యలో ఒక బై, దాని కింద ఇంకో బై.
కొరియర్ బాలకిషన్ రెంటినీ నమ్మడు.
గల్లీ మొదట్లో బండి ఆపి ఫోన్ చేస్తాడు:
"మేడమ్, పాతదా, కొత్తదా?"

ఆ ప్రశ్న నన్నెవరైనా మంగళవారం అడిగుంటే
మూడు రాత్రులు మిగిలేవి.

నా ల్యాప్‌టాప్‌లో గలగలా నడిచిన మాడ్యూల్
సర్వర్ మీద నోరు తెరవలేదు.
సీ ప్లస్ ప్లస్‌లో రాసి, కంపైల్ చేసి
పైథాన్ చేతికిచ్చిన చిన్న ముక్క.
చెరువుల్లో నీటిమట్టం లెక్కగట్టడం తప్ప
ఏ పాపం ఎరగదు.
ఇంపోర్ట్ అన్నాను.
సింబల్ దొరకలేదంది.
ఆ సింబల్ పేరు తెర ఈ చివర నుంచి ఆ చివరిదాకా,
అచ్చులన్నీ పీకేసి మూటగట్టినట్టు.
విప్పి చూస్తే లోపల
మామూలు స్ట్రింగ్.
కొత్త పద్ధతిలో ముడేసిన స్ట్రింగ్.

లైబ్రరీ లేదా? ఉంది.
పేరు తప్పా? పొల్లు పోలేదు.
అదే పేరు, అదే చుక్క, చుక్క తర్వాత అదే ఆరు.
లోడర్ బాలకిషన్ కాదు, ఫోన్ చెయ్యదు.
పేరు కలిసిన మొదటి తలుపు కొట్టి
పార్సిల్ అక్కడే ఇచ్చి పోతుంది.

బుధవారం రాత్రి పదకొండింటికి, విసుగులో,
రెండు ఇంపోర్ట్ లైన్లు కిందా మీదా చేశాను.
నడిచింది.
సంతోషం కంటే ముందు భయమేసింది.
ముందొచ్చినవాడు పరిచిన చాప మీదే
వెనకొచ్చినవాళ్ళంతా కూచోవాలట.
ముందెవరో నిర్ణయించింది నేనే,
చూడ్డానికి బావుంటుందని
అక్షరక్రమంలో సర్దినప్పుడు.

"నడుస్తుంది కద, వదిలెయ్యరాదు," అన్నాడు ఫయాజ్
టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ.
వదిలెయ్యొచ్చు.
మా గల్లీలో సగం నల్లాలు అట్లనే నడుస్తున్నాయి,
ఎవరో ఎప్పుడో గుడ్డ చుట్టి పోయినవి.

ఎల్‌డీడీ కొట్టాను.
చుట్టాల జాబితా దిగింది, ఒక్కొక్కరి పక్కన చిరునామా.
పదకొండో పేరు దగ్గర బాణం
పోవాల్సిన వైపు పోకుండా
ఏదో పాత డైరెక్టరీలోకి వంగింది.
ఎవరు వంచారు?
వెతగ్గా వెతగ్గా,
లాగిన్ అయిన ప్రతిసారీ ఎవరూ చూడకుండా చదవబడే ఫైల్లో
నూట నలభయ్యో లైను.
దాని నెత్తిన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
"తాత్కాలికం. వానలు అయినంక తీసేయాలె. తుల్జారామ్."

ఏ ఏటి వానలో రాయలేదు.
తుల్జారామ్‌ని నేను చూళ్ళేదు.
ఎడమ చెయ్యి విరిగిన ఆయన కుర్చీలోనే
నాలుగేళ్ళుగా కూచుంటున్నాను.

ఆ లైన్ ముందు ఒక హ్యాష్ పెట్టాను.
నా మాడ్యూల్ లేచి కూచుంది.
గంట కాలేదు, ఫయాజ్ కేక:
రామంతాపూర్ చెరువు గేజ్ పలకట్లేదు.
దాన్ని చదివే ప్రోగ్రాము తుల్జారామ్‌ది.
సోర్స్ ఎక్కడా లేదు,
కంపైలయిన ముద్ద ఒక్కటే మిగిలింది.
దానికి ఆ పాత తలుపే కావాలి.
బయట వాన. చెరువు నిండుతోందో లేదో
చెప్పే దిక్కు లేదు.

మూడు రోజులుగా ఆయన్ని తిట్టిన తిట్లు
ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నాను.
కొన్ని తీసుకోలేదు.

ఆ లైన్ని చంపలేదు.
ఆ ఒక్క ప్రోగ్రాము గడప లోపలికి జరిపాను.
అది లేచే ముందు దాని చెవిలో మాత్రమే
పాత దారి చెప్పే నాలుగు లైన్ల స్క్రిప్టు.
తాత్కాలికం అన్న మాట కొట్టేసి
నా పేరు రాశాను, తారీఖు రాశాను, ఏడుతో సహా.

శుక్రవారం పొద్దున ఫోను.
"మేడమ్, పాతదా, కొత్తదా?"
ఎవరి పేరు మీదుందో చదువు, అన్నాను.
"తుల్జారామ్ అట. పంపుల కంపెనీ కేటలాగేదో ఉన్నట్టుంది.
ఉన్నాడా ఆయన?"
వర్షం చప్పుడులో బాలకిషన్ ఇంజన్ ఆపలేదు.

పైకి తీసుకురా, అన్నాను.