ఆవిరికి లేవనివి

ఎలక్షన్ల కోడు వచ్చి తుపాకి స్టేషన్లో జమ.
రైటర్ని బతిమాలి, రెండు స్క్రూలు విప్పించుకొని
కర్ర మటుకు గోనెసంచిలో చుట్టుకొచ్చినాడు
సీతారాంపురం మాలకొండయ్య.
"వార్నీషు కొట్టియ్యి సిలార్‌బీ, అద్దంలా ఉండాల."

ఉదయగిరిలో చెంచాలు చెక్కేదాన్ని నేను.
బిక్కి తెలుసు, నర్ది తెలుసు, పాలబరికి తెలుసు.
ఇది మన కొండది కాదు.
గోటితో గీరి వాసన చూసినా.
అక్రోటు.
యాడో మంచులో ఎదిగిన చెట్టు
మా దుర్గం కింది ఎండకు వచ్చి నల్లబడింది.

వార్నీషు వద్దన్నా.
అది కర్ర మీద కూచుంటుంది, లోపలికి పోదు.
రెండు వానలకు పొక్కి
కుబుసంలా ఊడొస్తుంది.

"ఇంట్లో ఆముదం ఉండాది, తెద్దునా?"
ఆముదం ఆరదు మాలకొండన్నా,
పదేళ్ళయినా పసిబిడ్డ మాడులా జిడ్డోడతానే ఉంటుంది.
నువ్వుల నూనె నెలకే కనరు కొడుతుంది.
వేపనూనెకి పురుగు చస్తుంది,
దవడ ఆనించినాక నువ్వూ చస్తావు.
గాలి పీల్చి గట్టిపడేది అవిసె నూనె.
అదీ పచ్చిది కాదు, కాచింది.
మా నాయన నెల్లూరు పోయినప్పుడల్లా
బ్రాందీ సీసాలో పోయించుకొచ్చేవాడు.
ఆ సీసా చూసి మా అమ్మ
మొదటి తూరి మూడు రోజులు మాట్లాడలా.

జిడ్డు దించేదానికే రెండు రోజులు పట్టింది.
టర్పెంటైను గుడ్డ, పాత పళ్ళ బ్రష్షు.
దవడ ఆనే చోట అరచెయ్యంత నలుపు,
వాళ్ళ నాయన తలనూనె, చెమట.
దాని జోలికి పోలేదు నేను.

ఇంక సొట్టలు.
తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే
సుయ్యిమంటుంది కర్ర.
దెబ్బ తగిలిన నార చావదు, ముడుచుకుంటుంది అంతే.
ఆవిరి తగిలితే లేస్తుంది.
బండ మీద పడ్డ సొట్ట లేచింది,
జీపు అంచుకు కొట్టుకున్నది లేచింది,
కునుకు తీసి లేచినట్టు, ఒకటొకటే.

మడమ పక్కన ఐదు గాట్లు.
కత్తివి. నాలుగు వరసగా,
ఒకటి ఎడంగా.
"పందులా?" అన్నా.
"నాలుగు" అన్నాడు.
కాసేపటికి, "ఆ ఐదోదానికీ ఇస్త్రీ పట్టు."

పట్టినా.
ఇంకో తూరి అన్నాడు.
మూడో తూరికి గుడ్డ మాడింది.
కోసిన చోట నార తెగిపోయుంటుంది అన్నా,
లేచేదానికి ఏముంటుంది?
జిగురులో పొట్టు కలిపి పూడ్చమంటావా?
వీధిలో ఆటో ఒకటి పోయిందాకా
అటే చూస్తా నిలబడినాడు.
"ఉండనీ."

నూనె బొట్లు బొట్లుగానే వెయ్యాల.
అరచేత్తో రుద్దాల, చెయ్యి కాలిందాకా.
మిగిలింది తుడిచెయ్యాల, లేకుంటే బంకయిపోతుంది.
రోజుకో పూత వారం,
వారానికో పూత నెల,
నెలకో పూత ఏడాది.
తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడెయ్యకూడదు,
లోలోపల వేడెక్కి తమంతట తామే అంటుకుంటాయి.
తీగ మీద ఆరేసినా, విప్పి, ఒకదానికొకటి తగలకుండా.
నడుమ ముసురు పట్టి నాలుగు రోజులు
వేలికి అంటుకుంటానే ఉండింది కర్ర.

గాట్లే ఎక్కువ తాగినాయి నూనె.
తెగిన నారకు దప్పిక ఎక్కువ.
కర్రంతా తేనెరంగు తిరిగింది, ఆ ఐదూ
కాటుక గీతల్లా పైకి తేలినాయి.
ఇట్టవుతుందని ముందే చెప్పుండాల్సింది నేను.

కౌంటింగు అయిన మూడో నాడు వచ్చినాడు.
బొటనవేలు పెట్టి నిమిరినాడు,
నాలుగు దాటి, ఆగి, చెయ్యి తీసేసినాడు.
మిగతా పూతలు ఇంటికాడ నువ్వే వేసుకో,
ఆమీట ఏడాదికొకటి, బతికినన్నాళ్ళు, మర్చిపోబాక అన్నా.
"ఎవరు బతికినన్నాళ్ళు?"
కర్రే అన్నా.
ఆరొందలు అడిగితే ఏడొందలిచ్చి
చిల్లర అడక్కుండానే పోయినాడు.

ఆ వారం చెక్కిన చెంచాలన్నీ అవిసె వాసన.
కావలి షాపాయన రెండు డజన్లు
వెనక్కి పంపినాడు.