మూడు నిమిషాలు

ఎర్ర దీపం వెలిగితే ఆపాలన్నారు. సరే.
నా పేరు డెల్ఫా ప్రూయిట్.
టెనెసీలో కోల్డ్ ఫోర్క్ అనే ఊరు, మీ పటంలో ఉండకపోవచ్చు.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా అక్కడి గాలి సొరంగంలో
కవాటాలు విప్పుతాను, తుడుస్తాను, బిగిస్తాను.

చేతిసంచిలో ఇది తెచ్చాను.
గుమ్మం దగ్గర సిపాయి రెండుసార్లు తిప్పి చూశాడు.
పెద్ద కవాటం లోపలి ఉంగరం,
మా నాన్న ఓడెల్ పనిలో చేరిన ఏడు పోతపోసింది.
ఇదుగో, ఇక్కడ, వెంట్రుకంత పగులు.
దీన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.
ఆ స్థలంలో ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారు.

మా పని ఇలా ఉంటుంది:
రెండు రోజులు గాలిని తొట్టెల్లో కుక్కుతాం,
అటు చివర ఇనుప గోళంలోంచి
ఉన్న గాలినంతా తోడేస్తాం.
ఊరు వంటలు ముగించి పడుకున్నాక
కరెంటు వాళ్లు ఫోన్ చేసి ఊఁ అంటారు.
అప్పుడు తెరుస్తాం.
ధ్వనికి పది రెట్ల వేగం.
నా మోచేతంత నమూనా, దాని ముక్కు కొస
ఎర్రబడి, నారింజై, తెల్లబడుతుంది.
ఇరవై సెకన్లు.
ఒక ఆవులింతకీ ఇంకో ఆవులింతకీ మధ్య.

ఆ ఇరవై సెకన్లలో గాలి ఎవరి మొహమూ చూడదు.
గీసినవాళ్లు ఏ కాలేజీలో చదివారో అడగదు.
నిరుడొక నమూనా వచ్చింది.
కంప్యూటర్ తెర మీద చక్కగా ఎగిరిందట.
మా దగ్గర పదకొండో సెకనుకి
రెక్క అంచు వెన్నలా జారిపోయింది.
గీసిన పిల్ల, మేవ్ టాలివర్,
గాజుకి నుదురు ఆనించి అలాగే నిలబడిపోయింది.
కాఫీ చేతిలో పెట్టి అన్నాను:
"ఏడవకు తల్లీ, ఇది నేల మీద కరిగింది."

నేల మీద.
ఆ ఒక్క మాట చెప్పడానికే
రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాను.

గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనడం
భక్తి కాదు, బద్ధకం.
పరీక్షించకుండా ఎగరేసే ప్రతిదీ గాలిలో దీపమే.
ఒక్కోసారి ఆ దీపం పక్కన
ఇరవై ఆరేళ్ల మనిషి పట్టీలు కట్టుకుని కూర్చునుంటాడు.

ఇది ఆయుధాల పని. నాకు తెలియక కాదు.
మా పాస్టరు భార్య అడిగింది:
"నీకు నిద్రెలా పడుతుంది డెల్ఫా?"
కొన్ని రాత్రులు పట్టదు.
కానీ నేను కవాటం బిగించడం మానేస్తే యుద్ధాలు ఆగవు.
మన చేతిలో ఏముందో మనకే తెలియని భయం పెరుగుతుంది.
భయపడ్డవాడి వేలు మీట మీద నిలకడగా ఉండదు.
ఆమెకి ఈ జవాబు చాలలేదు.
నాకూ పూర్తిగా చాలదు.
నా దగ్గరున్నది ఇదే.

మా షెడ్డులో పదమూడు నమూనాలు వరసలో ఉన్నాయి,
పెట్టెల మీద దుమ్ము, ఒకదాని మీద పిచ్చుక గూడు.
మేవ్ వేసవిలో వెళ్లిపోయింది.
బట్టలుతికే యంత్రాలవాళ్లు ఎక్కువ జీతమిచ్చారు, తప్పుపట్టను.
కవాటం చప్పుడు వినడం ఆ పిల్లకి నేర్పాను.
బాగుంటే ఏనుగు నిట్టూర్చినట్టు,
చెడితే పిల్లి తోక తొక్కినట్టు.
ఆ చదువు ఏ కాగితం మీదా లేదు.
ఇప్పుడది బట్టల నురగలో ఉంది.

మీరు ఏటా వచ్చే ఏడు అంటారు.
నేను గాలిమేడకి డబ్బడగడం లేదండీ,
గాలి కాపురముండే ఇంటికి అడుగుతున్నాను.
రెండు కవాటాలు. ఒక హీటరు.
ఇద్దరు కుర్రాళ్ల జీతం,
ఒక్క ఏడాదికి కాదు, పదేళ్లకి,
చెవులు తయారవడానికి అంతకాలం పడుతుంది.

ఎర్ర దీపం. చూశాను.

ఏమిటీ, ఉంగరాన్ని సాక్ష్యంగా ఇక్కడ ఉంచమంటారా?
క్షమించాలి, కుదరదు.
గురువారం రాత్రి ఒక నమూనా ఉంది.
మా దగ్గర ఉన్నది ఇదొక్కటే.